ఎలుగుబంట్ల వాటా

ఇప్ప కాలం, రెండో రోజు

నా పేరు పూనెం జోగి. పన్నెండు ఊళ్ళ సభలో ఒప్పందాల పరిశీలకురాలిని. బయటివాళ్ళు మా కొండల్లో ఏ పని మొదలుపెట్టాలన్నా నా సంతకం ఉండాలి. పూలు రాలే కాలమంతా ఏ రోజు ఏం జరిగిందో రాసి సభకు ఇవ్వడం కూడా నా ఉద్యోగమే. ఇందులో అబద్ధం రాసినట్టు తేలితే పన్నెండు ఊళ్ళకూ ఒక పూట వంట చేసిపెట్టాలి. నాకు ముందు ఈ పని చేసినాయన అలా రెండుసార్లు వండాడు. రెండో వంట తిన్నాక ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఈ రోజు పొద్దున లాంచీలోంచి పన్నెండు ఏరుడు మిషన్లు దిగాయి. చూడటానికి పీతల్లా ఉన్నాయి. ఒక్కోదానికి ఆరు కాళ్ళు, ముందు రెండు మెత్తని చేతులు, వీపున ఒక బుట్ట. వాటి వెనకే ఒక మనిషి కూడా దిగాడు. పేరు గుళ్ళపల్లి భాస్కరానందం. తేలుడు పట్నం నుంచి వచ్చాడు. డెల్టా మునిగాక జనం పీపాల మీద, పాత పడవల మీద కట్టుకున్న పట్నం అది. అక్కడ పుట్టినవాళ్ళు గట్టి నేల మీద నడిచేటప్పుడు కాస్త ఊగుతారు. రేవు నుంచి మా ఆఫీసుకు వచ్చేలోపు ఆయన రెండు చెట్లనూ ఒక మేకనూ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఆయ్, నమస్కారమండి. చిన్న భాగస్వామి తరఫున వచ్చానండి," అన్నాడు మేకను వదలకుండానే.

చిన్న భాగస్వామి అంటే వాళ్ళ పట్నంలోని పడవల సంస్థ. పెద్ద భాగస్వామి మేము. ఇప్ప చెట్లు మావి, బట్టీలు మావి, పూల నుంచి దింపే సారా మాది. ఆ సారాతోనే వాళ్ళ పడవలన్నీ నడుస్తాయి. అరవై వేలమంది ఆస్పత్రికి పోవాలన్నా, బడికి పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా మా పూలే దిక్కు. పెళ్ళికి పోయేటప్పుడు పడవ కంటే పడవ నడిపేవాడే ఎక్కువ తాగుతాడని విన్నాను. అది మా ఒప్పందంలోకి రాదు.

మా అమ్మ దూలమ్మ ఆ మిషన్లను చూడటానికి కర్ర పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా పూలు ఏరిన మనిషి. వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయాయి. మిషన్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒకదాని కాలు కర్రతో తట్టింది.

"ఇయి ఎందుకే?"

"ఇక నువ్వు వంగనక్కర్లేదు అమ్మా. అవే ఏరుతాయి."

"మరి నేనేం జెయ్యాలె?"

విశ్రాంతి తీసుకో అన్నాను. నేనేదో తిట్టినట్టు చూసి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు

మిషన్లు బాగా పనిచేస్తున్నాయి. తెల్లవారుజామున పూలు రాలడం మొదలవగానే చెట్ల కిందకు చేరి, ఒక్క పువ్వు నలగకుండా ఏరేస్తున్నాయి. ఎండ ఎక్కేసరికి ఆఫీసు వెనక ఉన్న ఎండ పలకల దగ్గరకు వచ్చి నిలబడి ఛార్జింగ్ పెట్టుకుంటున్నాయి. ఆ పలకల మీద అమ్మ చింతపండు ఆరబెట్టింది. అందుకని మూడు మిషన్లు ఈ రోజు సగం దారిలో ఆగిపోయాయి.

మధ్యాహ్నం అమ్మ ఆఫీసుకు వచ్చింది.

"వాగు ఒడ్డున ఉన్న చెట్ల కింద కూడా ఏరేస్తున్నయ్ నీ పీతలు. అది ఎలుగ్గొడ్ల వాటా గదే?"

మా కొండల్లో ప్రతి నాలుగు ఇప్ప చెట్లలో ఒకదాని కింద పూలు ఎవరూ ముట్టుకోరు. ఒప్పందంలో కూడా ఆ మాట మొదటి పేజీలోనే ఉంది. నాలుగో వంతు అడవికి వదలాలి. వాగు ఒడ్డు చెట్లన్నీ ఆ వాటాలోవే. ఆ పూలు ఎలుగుబంట్లు, దుప్పులు, అడవికోళ్ళు తింటాయి. వాటి కడుపు నిండితే అవి మన దారికి రావు.

భాస్కరానందం తన కుర్చీలోంచి లేచాడు. ఈ విషయం మీద ఆయన ఒక పథకం తయారుచేసి తెచ్చాడు. నాలుగు వందల పన్నెండు పేజీలు.

"వాటా ఎక్కడికీ పోలేదండి దూలమ్మగారూ. నేల మీద వదిలేస్తే సగం చీమలపాలు, సగం బురదపాలు అవుతోంది కదండి. శుభ్రంగా ఏరించి, ఎండబెట్టించి, మూటలు కట్టించి, గిడ్డంగిలో పెట్టిస్తున్నానండి. ప్రతి మూట మీదా ఎలుగుబంట్ల వాటా అని రాయించాను. మంగళవారం, శుక్రవారం పద్ధతిగా పంచుదామండి."

"ఎలుగ్గొడ్డుకి మంగళారం ఎప్పుడొచ్చేది ఎట్టా తెలుస్తదయ్యా?"

"బోర్డు పెడతామండి."

అమ్మ నా వైపు తిరిగింది. నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. ఎందుకంటే ఆ పథకం కింద నా సంతకం ఉంది.

ఏడో రోజు

ఈ రోజు ఆదివారం. పొద్దున ఏడింటికి గిడ్డంగికి మొదటి ఎలుగుబంటి వచ్చింది.

"జోగిగారూ! లబ్ధిదారుగారు వచ్చారండి!" అని గిడ్డంగి లోపలి నుంచి భాస్కరానందం అరిచాడు. ఆయన సంతోషం నిజమైనదే. పట్నంలో పద్నాలుగేళ్ళు పథకాలు రాశాడట. ఒక్క లబ్ధిదారునీ కళ్ళతో చూడలేదట.

తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టి ఎలుగుబంటితో ఎంతో మర్యాదగా, "ఈ రోజు ఆదివారమండి. మంగళవారం రావాలండి," అన్నాడు. బోర్డు కూడా చూపించాడు.

ఎలుగుబంటి బోర్డు పీకేసింది. తర్వాత తలుపు పీకేసింది. భాస్కరానందం మూటల మీదుగా ఎక్కి, దూలాన్ని పట్టుకుని కూర్చున్నాడు. అది ఒకటిన్నర మూట తిని, గుమ్మంలో కూర్చుని కాసేపు పొట్ట గోక్కుని వెళ్ళిపోయింది. మేం నిచ్చెన వేసి ఆయన్ని దించాం.

"తలుపు రెండు రెక్కలుగా ఉంటే బాగుంటుందండి. భారీ శరీరాలు కదా," అన్నాడు దిగుతూ.

తలుపు చేసేవాళ్ళు పై ఊరి నుంచి రావాలి. వారం పడుతుందన్నారు.

ఎనిమిదో రోజు

నాలుగు వచ్చాయి. ఒకటి మూడుసార్లు వచ్చిందని భాస్కరానందం అనుమానం. ఒకే లబ్ధిదారు పదే పదే వాటా పొందడం పథకానికి విరుద్ధం. అందుకని గుమ్మంలో మెత్తని మట్టి పలక పెట్టాడు. వచ్చిన ప్రతి ఎలుగుబంటీ అందులో పంజా ముద్ర వేయాలి. ముద్ర కుదిరితేనే మిషను మూట అందిస్తుంది.

మొదటి ఎలుగుబంటి పలక మీద కూర్చుంది. పడిన ముద్ర పంజాది కాదు. మిషను ఎంతసేపు వెతికినా అలాంటి ముద్ర దాని జాబితాలో దొరకలేదు.

నేను చాలా నవ్వాను. నవ్వి, సభకు పంపే రోజువారీ కబురులో "పరిస్థితి అదుపులో ఉంది" అని రాశాను. అప్పుడు మా ఆఫీసు కప్పు మీద ఏదో బరువుగా నడుస్తోంది. అయినా రాశాను.

తొమ్మిదో రోజు

అకాల వాన. రెండు గంటలు కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. గిడ్డంగికి తలుపు లేదు. ముందు వరసలోని నలభై మూటలు తడిసి ముద్దయ్యాయి. ఎలుగుబంట్లు చింపిన చోట పూలు నీళ్ళలో తేలుతున్నాయి.

అమ్మ వచ్చి వాసన చూసింది.

"రెండు దినాల్లో ఇది పులుస్తది. మూడో దినానికి మీ లబ్ధిదారులు పాటలు పాడతరు," అంది.

మిషన్లతో ఆ మూటలు బయట పడేయించమని భాస్కరానందంతో చెప్పాను. పంజా ముద్ర పడితే తప్ప వాటా మూటలను ముట్టుకోకుండా ఆయన మిషన్లకు ముందే కట్టుదిట్టంగా నేర్పాడట. ఎవరైనా దొంగిలిస్తారేమోనని. ఇప్పుడు అవి మా మాట కూడా వినడం లేదు. మనుషులమే మోద్దామంటే, ఆ సమయానికి గిడ్డంగిలో మళ్ళీ ఇద్దరు లబ్ధిదారులు ఉన్నారు.

పన్నెండో రోజు

ముందు తేలిక సంగతి రాస్తాను.

ఎలుగుబంట్లకు ఎక్కింది. పొద్దున ఆరింటికి ఒకటి ఏరుడు మిషనును కావలించుకుని పడుకుని ఉంది. మిషను కదలకుండా నిలబడింది. ఇంకొకటి సభ ఇంటి మెట్లు ఎక్కుతూ జారుతూ, ఎక్కుతూ జారుతూ, చివరికి లోపలికి పోయి వేదిక మీద వెల్లకిలా పడుకుంది. గురక పెడుతోంది. దాన్ని లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఈ గొడవలోనే లాంచీలో కబురు వచ్చింది. ఒప్పందాన్ని ఇంకో పదేళ్ళకు కొత్తగా రాసుకోవడానికి తేలుడు పట్నం నుంచి ఐదుగురి బృందం ఎల్లుండి వస్తోంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇప్పుడు రాయబోయేది నవ్వు వచ్చే సంగతి కాదు.

ఎలుగుబంట్లన్నీ గిడ్డంగికి రాలేదు. పిల్లలున్న తల్లులు ఊళ్ళోకి రావు. అలాంటిదొకటి వీపు మీద పిల్లను ఎక్కించుకుని, ఏటా తినే చోటుకు, అంటే వాగు ఒడ్డు చెట్ల కిందకు పోయింది. అక్కడ ఒక్క పువ్వు కూడా లేదు. ఎన్ని రోజులుగా వెతుకుతోందో తెలియదు. ఈ పొద్దున మా ఊళ్ళో పూలు ఏరే కారం పొట్టెమ్మ వాగుకు స్నానానికి పోయింది. ఆకలితో ఉన్న ఎలుగుబంటి ఆమె మీదికి వచ్చింది.

పొట్టెమ్మ వాగులోకి దూకింది. పంజా భుజానికి గీసుకుపోయింది. రాళ్ళ మధ్య పడి చీలమండ మెలిక తిరిగింది. అది వెళ్ళిపోయేదాకా మెడలోతు నీళ్ళలో కూర్చుంది. మేం మంచం మీద మోసుకొచ్చేసరికి ఆమె పెదవులు నల్లబడ్డాయి.

కట్టు కడుతుంటే నేనే పక్కన కూర్చున్నాను. ఎలుగుబంటిని తిడుతుందేమో అనుకున్నాను.

"దాని తప్పేం లేదు," అంది పొట్టెమ్మ. "ఏటా అది ఆడ తింటది, నేను పక్కనుంచి పోత. ఏ దినం నా మొకం దిక్కు చూడలే. దానికి దాని పని. ఇయ్యాల చూసింది."

నేను ఆఫీసుకు వచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మిషన్లు దిగిన రోజు నేను ఒక సంగతి రాయలేదు. పూలు ఏరే పద్ధతిలో ఏ మార్పు చేయాలన్నా పూల సంఘంలోని ఆడవాళ్ళను అడగాలి. వాళ్ళు సరే అన్నాకే నేను సంతకం పెట్టాలి. నేను అడగలేదు. మిషన్లకూ, మూటల పథకానికీ నా అంతట నేనే సంతకం పెట్టేశాను. రాయకపోవడం అబద్ధం కిందికి వస్తుందో రాదో సభ తేల్చాలి.

పదమూడో రోజు

పొద్దున్నే తెల్లం కన్నమ్మ దగ్గరకు వెళ్ళాను. పూల సంఘానికీ, పన్నెండు ఊళ్ళ సభకూ ఆమే పెద్ద. డెబ్భై దాటింది. తేలుడు పట్నంతో మొదటి ఒప్పందం రాసుకున్నప్పుడు, వాళ్ళు తెచ్చిన కాగితంలో "సహాయం" అని ఉన్న ప్రతి చోటా కొట్టేసి "భాగం" అని రాయించిన మనిషి. నేను వెళ్ళేసరికి బట్టీ దగ్గర నేల మీద కూర్చుని పగిలిన గొట్టానికి అతుకు వేస్తోంది.

అంతా చెప్పేశాను. ఆమె అతుకు మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఎందుకు అడగలే?"

"అడిగితే నెల రోజులు మాట్లాడతరు పెద్దమ్మా. ఈలోపు పూలన్నీ రాలిపోతయ్ అనుకున్న."

"ఇంక?"

"మా అమ్మ మోకాళ్ళు. ఈ ఏడు కూడా వంగితే ఇంక లేవలేదేమోనని భయమేసింది."

"మీ అమ్మ మోకాళ్ళ సంగతి మీ అమ్మను అడిగినవా?"

"లేదు."

బట్టీ వెనక నుంచి గొట్టం రెండో కొస పట్టుకుని మా అమ్మ లేచింది. ఆమె అక్కడ ఉందని నాకు తెలియదు.

"నా మోకాళ్ళ మీద నువ్వు సంతకం పెట్టినవా?" అంది.

ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. సంతకానికి విలువ ఉన్న మనిషిని. ఆ మాటకు మాత్రం ఏడేళ్ళ పిల్లలా ఏడ్చాను. అమ్మ గొట్టం వదిలేసి రాబోయింది గానీ, వదిలితే అతుకు ఊడుతుందని కన్నమ్మ కసిరింది. అందుకని అమ్మ అక్కడి నుంచే నన్ను ఓదార్చింది.

గొట్టం అతికాక కన్నమ్మ తీర్పు చెప్పింది. రాయకపోవడం సగం అబద్ధం. కాబట్టి ఆరు ఊళ్ళకు వండాలి. మిగతాది సభలో తేలుతుంది. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, "దూలా, ఇప్పుడేం చేద్దాం?" అని అడిగింది.

నేను అడగాల్సిన ప్రశ్న అది. ఆమె ఎంత తేలిగ్గా అడిగిందో!

"ఎండు మూటలన్నీ వాగు ఒడ్డుకు మోసి, ఆ చెట్ల కింద పరచాలె," అంది అమ్మ. "పులిసినయి ఊరికి దూరంగా గోతిలో పారబొయ్యాలె. ఆడ పూలు కనిపిస్తే ఇయి ఈడికి రావు. వాటికి మాత్రం తలుపులు పీకే సరదా ఉంటదా?"

"మొత్తం ఎన్ని మూటలు?" కన్నమ్మ నన్ను అడిగింది.

"రెండు వందల పైనే," అన్నాను.

"ఎంతమంది కావాలె?"

"ఊరంతా కావాలి పెద్దమ్మా. రేపు పట్నం బృందం కూడా వస్తోంది. వాళ్ళ ముందు ఈ పని ఎట్టా..."

"వస్తే మంచిదే గదా," అంది కన్నమ్మ. "ఐదుగురు ఎక్కువైతరు."

పద్నాలుగో రోజు

ఒప్పుకోవాలి. కన్నమ్మ అంత స్పష్టంగా చెప్పినా, నేను ఈ పొద్దున దాచాలని చూశాను. వేదిక మీద పడుకున్న ఎలుగుబంటి నిన్నంతా అక్కడే ఉంది. మధ్యలో ఒకసారి లేచి, గిడ్డంగికి పోయి మళ్ళీ తాగొచ్చి అదే చోట పడుకుందని భాస్కరానందం చెప్పాడు. మేమిద్దరం కలిసి, బృందానికి స్వాగతం అని రాసిన పెద్ద గుడ్డను దాని మీద కప్పాం.

బృందం ఎనిమిదింటికి వచ్చింది. ఐదుగురూ ఒకరినొకరు పట్టుకుని ఊగుతూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళ పెద్ద రుద్రభట్ల హేమలత. పట్టుచీర, మెరిసే చెప్పులు. కూర్చోగానే చెవి వేదిక వైపు పెట్టింది.

"మీ జనరేటరు బాగా చప్పుడు చేస్తోందండి," అంది.

"ఆయ్, పాతదండి," అన్నాడు భాస్కరానందం.

స్వాగతం అన్న అక్షరాలు పైకి లేచి కిందికి దిగుతున్నాయి. కన్నమ్మ లోపలికి వచ్చి ఆ గుడ్డ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"అది జనరేటరు కాదమ్మా," అంది హేమలతతో. "మీ మనిషీ మా మనిషీ కలిసి చేసిన పొరపాటు. అది లేవకముందే పోదాం పదండి. మూటలు మోసుకుంట మాట్లాడుకుందాం."

హేమలత గుడ్డ అంచు కొంచెం ఎత్తి చూసింది. వెంటనే దించేసింది. ఆ తర్వాత అందరికంటే ముందు వాకిట్లో ఉన్నది ఆమే. ఊగలేదు కూడా.

ఎలుగుబంటికి కాపలాగా భాస్కరానందం ఉండిపోయాడు. తన పథకం కాబట్టి తనే ఉంటానన్నాడు. మొదటిసారి నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

ఆ పూట గిడ్డంగిలో ఎలుగుబంట్లు లేవు. ఊరంతా కదిలింది. మిషన్లు వాటా మూటలు ముట్టుకోవు గనక అమ్మ ఒక ఉపాయం చేసింది. మూటల మీద ఎలుగుబంట్ల వాటా అన్న రాతకు బురద పూసింది. రాత కనపడకపోయేసరికి మిషన్లు నోరెత్తకుండా మోశాయి. నాలుగు వందల పన్నెండు పేజీల కట్టుదిట్టం గుప్పెడు బురదకు లొంగిపోయింది.

దారిలో హేమలత నెత్తిన మూటతో, చేతిలో చెప్పులతో నడుస్తూనే తన పని మొదలుపెట్టింది. పట్నంలో పడవలు పెరిగాయి. కొత్త ఒప్పందంలో ఆ అడవి నాలుగో వంతు కూడా తమకే ఇవ్వాలని అడగడానికి వచ్చారు.

"ఊరికే నేల మీద పడి పోయేదే కదండి," అంది.

కన్నమ్మ మూట సర్దుకుని నడిచింది.

వాగు ఒడ్డున ఏ చెట్టు కింద పరచాలో, ఎంత మందంగా పరచాలో, ఏ వైపు దారి వదలాలో అమ్మ కర్రతో చూపిస్తూ పోయింది. వందమందిమీ, పన్నెండు మిషన్లూ ఆమె కర్ర ఎటు తిరిగితే అటు తిరిగాం. పని అయ్యేసరికి తొమ్మిదిన్నర. అమ్మ మమ్మల్నందరినీ గాలి వాలు చూసి, గట్టు మీది బండల వెనక కూర్చోబెట్టింది.

ఎక్కువసేపు పట్టలేదు. అవతలి పొదలు కదిలాయి. వీపు మీద పిల్లతో ఆ తల్లి వచ్చింది. పక్కటెముకలు తెలుస్తున్నాయి. పూల వాసన చూసి ఒక్క క్షణం నిలబడి, తల వంచి తినడం మొదలుపెట్టింది. పిల్ల జారి దిగి, పూల మధ్యలో కూలబడి రెండు పంజాలతో నోట్లో కుక్కుకుంది.

తల్లి ఒకసారి తలెత్తి మా వైపు తిరిగింది. హేమలత మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"మనల్ని చూసిందాండి?" గుసగుసగా అడిగింది.

"చూడలే. దానికి పని ఉంది," అంది అమ్మ.

అది మళ్ళీ తల దించింది.

హేమలత సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఆ నాలుగో వంతు అడిగిన వాక్యాన్ని తనే కొట్టేసింది.

"మరి మా పడవల సంగతి ఏం చేయమంటారండి?" అని అడిగింది. బేరమాడే గొంతు కాదు అది.

"తగ్గించుకోండి," అంది కన్నమ్మ. "ఒక పెళ్ళికి పదిమంది పది పడవల్లో ఎందుకు పోతరు? అందరూ ఒకదాన్లో పోండి."

"మావాళ్ళకి ఒకరితో ఒకరికి పడదండి."

"మాకూ పడదమ్మా. అందుకే సభ పెట్టుకున్నం."

తిరిగి వచ్చేసరికి సభ ఇల్లు ఖాళీగా ఉంది. భాస్కరానందం దూలం మీద ఉన్నాడు, ఒక బూటు లేదు. ఎలుగుబంటి పది గంటలకు లేచిందట. తలనొప్పిగా ఉన్నట్టు తల పట్టుకుని కాసేపు కూర్చుందట. ఆయన పైనుంచి తన మంచినీళ్ళ సీసా జారవిడిచాడట. అది సీసా కొరికి, నీళ్ళు తాగి, బూటు తీసుకుని అడవి వైపు వెళ్ళిపోయిందట.

"ముద్ర అడగలేదండి," అన్నాడు.

పదిహేడో రోజు

మూడు రోజులుగా గిడ్డంగి వైపు ఒక్క ఎలుగుబంటి కూడా రాలేదు. సభ మొన్న తీర్మానం చేసింది.

ఒప్పందం ఇంకో పదేళ్ళు. నాలుగో వంతు ఎప్పటిలాగే నేల మీదే. తేలుడు పట్నం వచ్చే ఏడాది నుంచి పెళ్ళిళ్ళకు పెద్ద పడవలు వేస్తుందట. మొదటి ప్రయాణంలో గొడవలు జరగకుండా చూడటానికి మా సభ నుంచి ఇద్దరు పెద్దల్ని పంపమని హేమలత అడిగింది. కన్నమ్మ ఒప్పుకుంది గానీ, పెళ్ళి భోజనం బాగుండాలని షరతు పెట్టింది.

మిషన్లు ఇక పూలు ఏరవు. ఆడవాళ్ళు ఏరిన బుట్టలు మోస్తాయి. ఈ మాట పూల సంఘం చెప్పింది. ఎవరి మోకాళ్ళకు ఏం కావాలో వాళ్ళే చెప్పుకున్నారు. మా అమ్మ ఒక మిషను వీపు మీది బుట్ట తీయించి, పీట కట్టించుకుంది. దాని మీద కూర్చుని చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. మిషను నేలకు వంగితే ఆమె కూర్చునే ఏరుతుంది. ఆమె చెప్పినట్టు నడవకపోతే దాని కాలి మీద కర్రతో ఒకటి వేస్తుంది. చూసి ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు కూడా పీటలు కట్టించుకున్నారు. పొద్దున్నే నలుగురూ వరసగా పోతుంటే భాస్కరానందం నిలబడి నమస్కారం పెడుతున్నాడు.

ఆయన్ని వెనక్కి పంపేయాలని కొందరన్నారు. "పొరపాటు చేసినా పారిపోలే, దూలం మీద నుంచే కాపలా ఉన్నడు. ఉండనీండి. కానీ రాసే ముందు నడవాలె," అంది పొట్టెమ్మ. ఇప్పుడు ఆయన రోజూ ఆడవాళ్ళ వెంట చెట్ల కిందికి పోతున్నాడు.

నా సంగతి. ఆరు ఊళ్ళ వంట కాక, మూడు పూల కాలాలపాటు నా సంతకం పక్కన పొట్టెమ్మ సంతకం లేకపోతే చెల్లదు. ఆమె కాలు బాగయ్యేదాకా వాగు నుంచి నీళ్ళు నేనే తేవాలి. పొద్దున పూలు కూడా ఏరాలి. నిన్న మొదటి బుట్ట నింపడానికి నాకు మూడు గంటలు పట్టింది. నడుము ఇంకా నిలవడం లేదు.

నీళ్ళ కుండ దించుతుంటే పొట్టెమ్మ నా మొహం చూసి, "ఏంది, శిక్ష లాగుందా?" అంది.

ఉందన్నాను. అబద్ధం చెప్పలేక.

ఇరవై ఆరో రోజు

పూలు తగ్గాయి. బట్టీలన్నీ మండుతున్నాయి. మొదటి విడత సారా పీపాలు లాంచీలో వెళ్ళాయి.

ఈ మధ్యాహ్నం పూల సంఘం కూర్చుంది. నన్ను పిలవడం ఇదే మొదటిసారి. అందరూ పెద్ద ఈతచాప మీద కూర్చున్నారు. నాకు చాప అంచు కూడా దొరకలేదు. కొసన మట్టి నేల మీద కూర్చున్నాను. కొత్తగా చేరినవాళ్ళ చోటు అదే.

ఈసారి సంగతి గాలిమరలు. కోతుల గుట్ట మీద ఎనిమిది పెడదామని చిన్న భాగస్వామి అడిగింది. బట్టీలకు కరెంటు వస్తుంది, కట్టెలు మిగులుతాయి. భాస్కరానందం ఈసారి ఒకే ఒక్క పేజీ రాసి తెచ్చాడు. అందులోనూ సగం ప్రశ్నలే. ఆ గుట్ట మీద ఏ పక్షులు దిగుతాయి, ఏ నెలలో దిగుతాయి, ఎవరికి తెలుసు.

నేను ఆ పేజీ చదివాను. మంచి పథకం అనిపించింది. అలవాటు కొద్దీ నా చెయ్యి కలం మూత తీసేసింది.

కన్నమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. అమ్మ తనకు తెలిసిన గద్దల సంగతి చెప్పింది. ఒకామె గుట్ట వెనక ఊట ఉందని చెప్పింది. చివరికి నా వంతు వచ్చింది.

"జోగీ, నువ్వేమంటవ్?"

అందరూ నా వైపు తిరిగారు. మంచి పథకమేనన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"కోతుల గుట్ట ఎక్కి నాకు ఆరేళ్ళయింది పెద్దమ్మా," అన్నాను. "ఇప్పుడు ఆడ ఏముందో తెల్వదు. పోయి చూసొచ్చి చెప్త."

నేను కలానికి మూత పెట్టాను.

పొట్టెమ్మ కట్టు కట్టిన కాలును చేత్తో మెల్లగా ఎత్తి, కొంచెం జరిగింది. చాప మీద నాకు చోటు దొరికింది.